మేకల లెక్క

మా పంచాంగంలో పదమూడో నెలకు ఐదు రోజులే.
వానలు వెనక్కి తగ్గి, సరస్సు ఇంకా ఎర్రగా ఉండే
ఆ ఐదు రోజుల్లోనే
పుస్తకాలన్నిటికీ ఎండ చూపించాలి.

తోలుసంచుల్లో, గోడకొయ్యలకు,
గబ్బిలాల్లా వేలాడుతుంటాయి.
ఒక్కొక్కటే దించుతాను. యాలెవ్ అందుకుంటాడు.
డీకన్ అయి ఏడాది కాలేదు,
పుస్తకాన్ని రొట్టె పట్టుకున్నట్టు పట్టుకుంటాడు.
"అట్లా కాదురా, పసిపిల్ల మెడ కింద చెయ్యి వేస్తారే, అట్లా."
వాడెప్పుడూ పసిపిల్లను ఎత్తుకోలేదట.
నేను మాత్రం ఎత్తుకున్నానా? మేకపిల్లల్నే.

ఈ ద్వీపానికి రాకముందు మేకల కాపరిని.
వచ్చాకా అదే పని.
నాలుగు సువార్తల పెద్ద పుస్తకం: నూట ముప్పై మేకలు.
కీర్తనలది: నలభై.
వేలెడంత తాయెత్తు చుట్ట: ఒక్క మేక, అదీ బక్కది.
ఆకు తిప్పి వెంట్రుకల వైపు తడిమితే
ఇప్పటికీ చెప్పగలను, ఇది నల్లది, ఇది కొండ మీద పెరిగింది,
దీన్ని జోరీగ కుట్టింది. ఆ చిల్లు చుట్టూ
లేఖకుడు వాక్యాన్ని మళ్లించిన తీరు చూడండి,
బురదగుంటను తప్పించుకు నడిచే ముసలావిడలా.

ఎలుకను పట్టొచ్చు. తేమను ఎండబెట్టొచ్చు.
ముద్దులకే మందు లేదు.
మూడు వందల ఏళ్ల పెదవులు ఆనీ ఆనీ
మా దేవదూతకు ముఖం లేకుండా పోయింది.

నాలుగో రోజు మధ్యాహ్నం జమ్ముపడవలో
వుబాలెమ్ అనే ఆవిడ వచ్చింది.
ఆడవాళ్లు ఈ గట్టు ఎక్కరాదు.
పడవలోనే కూర్చుని, గొడుగు కింద నుంచి కేకేసింది:
"మా ముత్తవ్వకు ముత్తవ్వ మీకో కీర్తనల పుస్తకం రాయించి ఇచ్చిందట.
నలభై మేకలు, అదీ కరువు ఏట.
ఆవిడ పేరు అందులో ఉంటుందన్నారు. ఉందా?"

ఆ పుస్తకం నాకు తెలుసు.
ప్రతి పదో కీర్తన చివరా "నీ దాసుణ్ణి కాపాడు" అని
ఎర్రసిరాతో ఒక దొర పేరు.
ఆ పేరు కింద తోలు పలచన.
కత్తితో గీకించి, పైన తన పేరు రాయించుకున్నాడు.
మా గురువు నాకది చూపించి, నోటి మీద వేలు పెట్టాడు.
యాలెవ్‌కి నేనూ అట్లాగే నేర్పాను.

లేదని చెప్పొచ్చు. అబద్ధం కూడా కాదు.
పుస్తకం నీళ్ల దగ్గరికి పోరాదన్నది
నాకు ముందు తాళంచెవి మోసిన పన్నెండుమందీ పాటించిన మాట.

గట్టు చివరి రాయి మీద కూర్చున్నాను. కాళ్లు తడిశాయి.
చేట వంచినట్టు ఆకును ఎండకు ఏటవాలుగా వంచాను.
సిరా పోయింది గాని, రెల్లుకలం ఒత్తిన గాడి పోలేదు.
గడ్డి మొలిచాక కూడా చేలో నాగటిచాలు కనబడుతుందే, అట్లా.
"వెలెత్త మిఖాయెల్," చదివాను. మిఖాయెల్ కూతురు.
బయటికి చదవడం ఇదే మొదటిసారి.

ఆవిడకు అక్షరాలు రావు. "ఎక్కడ?" అంది.
కంటికి కనిపించేది ఎర్రటి దొర ఒక్కడే.
వేలు చాపమన్నాను. పడవ ఊగింది.
ఆ వేలిని నేను తాకకూడదు,
ఆకునే మెల్లగా దాని కిందికి జరిపాను.
ఉల్లిపాయ వాసన వేసే వేలు
గాడి పట్టుకుని చివరిదాకా వెళ్లింది.
"గరుగ్గా ఉంది," అంది. అంతే.
వేయించిన బార్లీ మూట గట్టు మీద పెట్టి
పడవ తిప్పుకుంది.

రాత్రి చిట్టా రాస్తూ యాలెవ్ అడిగాడు:
"ముప్పై ఏడో ఆకు మీద నూనె మరక. ఎవరిదని రాయను?"
"మరక కాదు. వదిలెయ్."
వాడు పడుకున్నాక లేచి, దీపం దూరంగా పెట్టి,
నేనే రాశాను: నలభై మేకలు, వెలెత్త మిఖాయెల్ ఇచ్చినవి.
దొర ఇచ్చినవెన్ని అన్న గడి
ఖాళీగా ఉంచాను.

ఐదో రోజు పొద్దున్నే మబ్బు పట్టింది.
ఇంకా పంతొమ్మిది సంచులు దించాలి.